పాత ల్యాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్‌ను కొత్తదాంట్లోకి ఎలా తెచ్చుకోవాలి

"అన్నా, కొత్త ల్యాప్‌టాప్ తీసుకున్న. పాతదాంట్ల ఉన్న సాఫ్ట్‌వేర్ దీంట్లకు ఎట్ల ఎక్కియ్యాలె?"

హనుమకొండలో పెండ్లి కార్డులు చేసే డీటీపీ షాపుల వాళ్లు అడుగుతారు, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి (కమీషన్) దుకాణం నడిపేవాళ్లు అడుగుతారు, లెక్కలు రాసే గుమాస్తాలు అడుగుతారు. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరి 14న ఆగిపోయింది, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న ఆగింది, అప్పటి నుంచి ఈ ప్రశ్న ఇంకా ఎక్కువైంది. ఫోన్‌లో ఒక్కొక్కరికి సగం సగం చెప్తే మిగతా సగం దగ్గరే తప్పు జరుగుతోంది, అందుకే మొత్తం ఒక్కచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఈ పని పూర్తయ్యేదాకా పాత ల్యాప్‌టాప్‌ను అమ్మకండి, ఎక్స్‌ఛేంజ్‌కు ఇవ్వకండి, ఫార్మాట్ కొట్టకండి. ఎక్స్‌ఛేంజ్‌లో వచ్చే ఆ రెండు మూడు వేల కోసం పదేళ్ల లెక్కలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. రెండు ల్యాప్‌టాప్‌ల నుంచి ఒకే కాగితం ఒకేలా వచ్చిన రోజు పని అయిపోయినట్టు, అంతవరకు కాలేదనే లెక్క.

ఇంకా కొనకపోతే ఇది చదివి కొనండి

కొత్త ల్యాప్‌టాప్‌లో స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ఉంటే మామూలు ప్రోగ్రాములు చాలావరకు నడుస్తాయి కానీ, పాత డాంగిల్ (సాఫ్ట్‌వేర్ నడవాలంటే తగిలించాల్సిన తాళంచెవి లాంటి చిన్న పరికరం), పాత ప్రింటర్ డ్రైవర్లు దానిమీద ఎక్కవు. పాత సాఫ్ట్‌వేర్ మీద బతికే షాపుకు ఇంటెల్ లేదా ఏఎండీ తీసుకోండి. ర్యామ్ 8 జీబీకి తగ్గొద్దు, 16 ఉంటే ఇంకా మంచిది, ఎందుకో కింద తెలుస్తుంది. కొన్ని మోడళ్లలో విండోస్ 'ఎస్ మోడ్'లో వస్తుంది, అందులో మైక్రోసాఫ్ట్ స్టోర్ యాప్‌లు తప్ప వేరేవి ఎక్కవు. దాన్ని సెట్టింగ్స్‌లోంచి ఉచితంగానే తీసేయొచ్చు, కాకపోతే ఒకసారి తీస్తే మళ్లీ పెట్టుకోవడం కుదరదు, మనకు దాంతో అవసరమూ లేదు.

కావాల్సినవి

- రెండు ల్యాప్‌టాప్‌లు, రెండింటి చార్జర్లు. పాతదాని బ్యాటరీ మీద నమ్మకం పెట్టుకోకండి, కాపీ మధ్యలో కరెంట్ పోతే మళ్లీ మొదటికొస్తుంది.
- ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, దాంతోపాటు ఒక పెన్‌డ్రైవ్. రెండూ కావాలి.
- పాత సాఫ్ట్‌వేర్ సీడీ లేదా సెటప్ ఫైల్, సీరియల్ నంబర్, డాంగిల్ ఉంటే డాంగిల్. కొత్త ల్యాప్‌టాప్‌లో సీడీ డ్రైవ్ ఉండదు కాబట్టి పాతదాంట్లోనే సీడీ పెట్టి అందులోదంతా ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి.
- ఒక నోట్‌బుక్, పెన్ను. ఫోన్ కెమెరా.
- ఒక ఆదివారం మొత్తం.

1. రోజు చూసుకోండి

మిర్చి సీజన్‌లో, జనవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డు ఎర్రగా నిండిపోయి ఉన్నప్పుడు, అడ్తి దుకాణం వాళ్లు ఈ పని ముట్టుకోవద్దు. తక్‌పట్టీలు (రైతుకు ఇచ్చే అమ్మకం చీటీలు) ఆగితే రైతు మీ ముందే నిలబడి ఉంటాడు. పెండ్లి కార్డుల షాపు వాళ్లకైతే మూఢం వచ్చిన వారాలే సరైన సమయం, అప్పుడు చేతిలో ఆర్డర్లు తక్కువ ఉంటాయి. ట్యాక్స్ పని చేసేవాళ్లు రిటర్నుల చివరి తేదీల ముందు చేయకండి.

2. పాతదాంట్లో ఏముందో రాసుకోండి

ఇదే అందరూ వదిలేసే స్టెప్. అరగంట పడుతుంది, తర్వాత రెండు రోజులు మిగులుతాయి. ఇవి రాసుకోండి, స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో కూడా తీసుకోండి:

- విండోస్ ఏది, 32 బిట్టా 64 బిట్టా. 'మై కంప్యూటర్' మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో చూడండి.
- ప్రోగ్రామ్ తెరిచి హెల్ప్ మెనూలో అబౌట్ నొక్కితే వచ్చే వెర్షన్ నంబర్. "పేజ్‌మేకర్" అని రాస్తే సరిపోదు, 6.5 వేరు, 7.0 వేరు.
- డెస్క్‌టాప్ మీద ఉన్న షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్. అందులో 'టార్గెట్', 'స్టార్ట్ ఇన్' అని రెండు గళ్లు ఉంటాయి. ప్రోగ్రామ్ అసలు ఎక్కడుందో ఇదే చెప్తుంది.
- డిఫాల్ట్ ప్రింటర్ ఏది, పేపర్ సైజు ఎంత, మార్జిన్లు ఎంత.
- గడియారం దగ్గర తేదీ ఏ వరసలో కనిపిస్తోంది: రోజు ముందా, నెల ముందా. దీన్ని చిన్న విషయం అనుకోకండి.
- తెలుగు టైపింగ్ ఉంటే ఏ కీబోర్డ్ లేఅవుట్, ఏ ఫాంట్లు.

3. ముందు డేటా, తర్వాతే మిగతావన్నీ

పాత హార్డ్ డిస్క్ నుంచి టిక్ టిక్ చప్పుడు వస్తుంటే, ఫైల్ తెరవడానికి నిమిషాలు పడుతుంటే, మిగతా స్టెప్పులు వదిలేసి ఇప్పుడే ఇది చేయండి. రోజూ ఆన్ ఆఫ్ చేస్తూ "రేపు చూద్దాం" అనే డిస్క్ రేపు లేవకపోవచ్చు.

ప్రోగ్రామ్‌లోనే బ్యాకప్ ఆప్షన్ ఉంటే ముందు అది చేయండి. అది చాలదు, ఫోల్డర్‌ను కూడా విడిగా కాపీ చేయండి. ట్యాలీలో అయితే కంపెనీ డేటా అంకెల పేరున్న ఫోల్డర్లలో ఉంటుంది. ఆ 'డేటా' ఫోల్డర్ ఎక్కడుందో కంపెనీ సెలెక్ట్ చేసే స్క్రీన్ మీదే కనిపిస్తుంది, అక్కడి నుంచి మొత్తం తీసుకోండి.

ఇప్పుడు ఒక దాగుడు చోటు చెప్తాను, దీనివల్ల నేను స్వయంగా దెబ్బతిన్నాను. విండోస్ విస్టా నుంచి ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో ఏ ప్రోగ్రామ్ పడితే అది రాయడానికి విండోస్ ఒప్పుకోదు. కానీ పాత ప్రోగ్రాములు తమ డేటాను అక్కడే రాస్తామంటాయి. అప్పుడు విండోస్ ప్రోగ్రామ్‌కు తెలియకుండా ఆ రాతను 'వర్చువల్‌స్టోర్' అనే వేరే ఫోల్డర్‌లోకి మళ్లిస్తుంది. మన కళ్లకు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో డేటా ఫైల్ కనిపిస్తూనే ఉంటుంది, కాకపోతే అది ఇన్‌స్టాల్ చేసిన రోజు నాటిది.

మా మేనమామ దుకాణంలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు నేను ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఫోల్డర్ చూసి, ఫైల్ ఉంది కదా అని కాపీ చేసుకుని, పాతదాన్ని ఫార్మాట్ కొట్టేశాను. కొత్తదాంట్లో తెరిస్తే ఖాతాలన్నీ ఖాళీ. ఫైల్ తేదీ ఒక్కసారి చూసి ఉంటే అక్కడే తెలిసిపోయేది. మామ నన్ను ఒక్క మాట అనలేదు. అత్తమ్మ, నేను కూర్చుని బిల్లు బుక్కులు ముందేసుకుని ఒక్కో బిల్లు మళ్లీ కొట్టాం, నెలకు పైనే పట్టింది. ఆ నెల రోజులు ఇంకెవరికీ రావద్దని ఈ స్టెప్‌ను ఇంత పొడుగ్గా చెప్తున్నాను.

చూడాల్సిన చోటు: ఫోల్డర్ ఆప్షన్స్‌లో 'షో హిడెన్ ఫైల్స్' పెట్టండి. సీ డ్రైవ్, యూజర్స్, మీ యూజర్ పేరు, యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్. అక్కడ మీ ప్రోగ్రామ్ పేరుతో ఫోల్డర్ ఉంటే అసలు డేటా అదే. ల్యాప్‌టాప్‌లో ఇద్దరు యూజర్లు ఉంటే ఇద్దరి ఫోల్డర్లలోనూ చూడండి. సీ డ్రైవ్‌లోని 'ప్రోగ్రామ్‌డేటా' అనే దాచిన ఫోల్డర్‌లో కూడా ఒక చూపు వేయండి.

కాపీ సరిగ్గా అయిందా అని చూసే పద్ధతి: పాతదాంట్లో ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, కాపీ మీద కూడా అదే. ఫైళ్ల సంఖ్య, 'సైజ్' దగ్గర బైట్ల అంకె రెండింట్లో ఒక్కటే ఉండాలి. దాని కింద ఉండే 'సైజ్ ఆన్ డిస్క్' తేడా వచ్చినా టెన్షన్ వద్దు, డిస్క్‌ను బట్టి అది మారుతుంది. తర్వాత డేటా ఫైల్ మీద చివరిగా మారిన తేదీ చూడండి. నిన్న బిల్లు కొట్టి ఉంటే నిన్నటి తేదీ ఉండాలి.

పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఒక్క ఫైల్ కూడా ఎక్కదు, స్థలం ఖాళీగా ఉన్నా సరే. అలా వస్తే అందులో ఉన్నవి తీసేసి ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేసుకోండి. డేటా ఇప్పుడు రెండు చోట్ల ఉండాలి: హార్డ్ డిస్క్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి. పెన్‌డ్రైవ్ తీసి ఇంట్లో బీరువాలో పెట్టండి.

4. లైసెన్సు వదిలించుకోండి

ఒక మెషిన్‌కే లైసెన్సు ఇచ్చే సాఫ్ట్‌వేర్లలో పాతదాంట్లోంచి లైసెన్సు వెనక్కి ఇచ్చాకే కొత్తదాంట్లో ఎక్కుతుంది. ట్యాలీలో దీన్ని 'సరెండర్' అంటారు, లైసెన్స్ మెనూలో ఉంటుంది, పాత ల్యాప్‌టాప్‌కు ఇంటర్నెట్ ఉండగానే చేయాలి. పాత ల్యాప్‌టాప్ చచ్చిపోయాక చేయాలంటే కస్టమర్ కేర్ చుట్టూ తిరగాలి. అయితే ఈ స్టెప్‌ను డేటా కాపీ సరిచూసుకున్న తర్వాతే చేయండి, ముందు చేయకండి. సీరియల్ నంబర్, రిజిస్టర్ చేసిన ఈమెయిల్, దాని పాస్‌వర్డ్ చేతిలో ఉన్నాయా చూసుకోండి. ఆ ఈమెయిల్ ఎప్పుడో పనిచేసి మానేసిన కుర్రాడిదై ఉండటం చాలా దుకాణాల్లో చూశాను.

క్రాక్ వెర్షన్, అంటే లైసెన్సు లేకుండా నడిచేలా మార్చింది, వాడుతున్నవాళ్లకు కూడా చెప్పాలి. క్రాక్ ఫైల్‌ను కొత్త ల్యాప్‌టాప్‌లోకి తెస్తే విండోస్ సెక్యూరిటీ చాలాసార్లు పట్టుకుని తీసేస్తుంది. అప్పుడు యాంటీవైరస్ ఆపేసి ఎక్కించమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వినకండి. అదే ల్యాప్‌టాప్‌లో మీరు బ్యాంకు లావాదేవీలు చేస్తారు.

5. కొత్త ల్యాప్‌టాప్‌ను సిద్ధం చేయండి

విండోస్ అప్‌డేట్లన్నీ కానివ్వండి, రీస్టార్ట్ చేయండి. ఆ తర్వాత ఇవి:

యూజర్ ఫోల్డర్ పేరు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదలుపెడితే విండోస్ 11 మీ ఈమెయిల్‌లోని మొదటి ఐదు అక్షరాలతో ఫోల్డర్ పేరు పెడుతుంది. పాత ప్రోగ్రామ్ పాత పేరు వెతుక్కుంటూ ఫైల్ దొరకలేదంటుంది. మరీ పాత సాఫ్ట్‌వేర్ అయితే యూజర్ పేరులో తెలుగు అక్షరాలు, ఖాళీలు లేకుండా చూసుకోండి.

వన్‌డ్రైవ్, అంటే మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆన్‌లైన్ నిల్వ. కొత్త విండోస్‌లో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు మనకు తెలియకుండానే వన్‌డ్రైవ్‌లోకి వెళ్లిపోతుంటాయి. ఫొటోలకు పర్వాలేదు కానీ, నడుస్తున్న లెక్కల ఫైల్‌ను ఒకవైపు ప్రోగ్రామ్ రాస్తూ, ఇంకోవైపు వన్‌డ్రైవ్ పైకి పంపుతూ ఉంటే ఫైల్ లాక్ అవుతుంది, ఒక్కోసారి పాడవుతుంది. ఉచితంగా ఇచ్చేది కూడా 5 జీబీయే. డేటా ఫోల్డర్‌ను డాక్యుమెంట్స్‌లో పెట్టకండి. సీ లేదా డీ డ్రైవ్‌లో నేరుగా ఒక ఫోల్డర్ చేసి అందులో పెట్టండి.

తేదీ వరస. ల్యాప్‌టాప్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఇంగ్లిష్ యునైటెడ్ స్టేట్స్ అని నొక్కి ఉంటే నెల ముందు, రోజు తర్వాత వస్తుంది. పాత విజువల్ బేసిక్ ప్రోగ్రాములు ఈ వరసనే నమ్ముకుంటాయి. ఎనుమాములలో ఒక అడ్తి దుకాణంలో చూశాను: 5వ తారీఖు బిల్లు వేరే నెలలో పడుతోంది, 25వ తారీఖు బిల్లు మాత్రం సరిగ్గానే ఉంది. 25వ నెల లేదు కాబట్టి ప్రోగ్రామ్ తనంతట తాను తిప్పుకుంది. అంటే ప్రతి నెలా 1 నుంచి 12 వరకు ఉన్న బిల్లులే తప్పుతాయి, అందులోనూ 1వ నెల 1, 2వ నెల 2 లాంటివి తప్పవు. సగం సరిగ్గా, సగం తప్పుగా ఉండేసరికి ఎవరికీ అనుమానం రాలేదు, వడ్డీ లెక్కలు తేలకపోతే అప్పుడు బయటపడింది. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, రీజియన్ దగ్గర ఇంగ్లిష్ ఇండియా పెట్టి, షార్ట్ డేట్ పాతదాంట్లో ఉన్నట్టే ఉందా చూడండి. ప్రోగ్రామ్ తెరవకముందే చేయాల్సిన పని ఇది.

డాట్‌నెట్ 3.5. కొన్ని పాత ప్రోగ్రాములు ఇది లేకుండా నడవవు. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రామ్స్ అండ్ ఫీచర్స్, ఎడమవైపు 'టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్'. పై వరసల్లోనే డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 3.5 ఉంటుంది, టిక్ పెట్టండి. 2.0 కాలం ప్రోగ్రాములకు కూడా ఇదే సరిపోతుంది.

బిట్‌లాకర్ కీ. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్ లాక్ అయ్యే వస్తుంది. రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, 48 అంకెలు, ఇప్పుడే నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాత బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే ల్యాప్‌టాప్ సెట్టింగ్స్) ఏదైనా మార్చితే ఆ కీ అడగొచ్చు, అప్పుడు వెతుక్కుంటే దొరకదు.

6. ఇన్‌స్టాల్ చేయండి

ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ఫోల్డర్‌ను ఎత్తి కొత్తదాంట్లో పెడితే చాలు కదా అని అడుగుతారు. చిన్న చిన్న ప్రోగ్రాములు కొన్ని అలా నడుస్తాయి కానీ, ఎక్కువ వాటికి రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగ్స్ దాచుకునే చోటు) రాతలు, విండోస్ ఫోల్డర్‌లో సహాయక ఫైళ్లు ఉంటాయి, అవి లేకుండా తెరుచుకోవు. సెటప్ నుంచే ఇన్‌స్టాల్ చేయండి.

సెటప్ మీద రైట్ క్లిక్ చేసి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' నొక్కండి. ఏ ఫోల్డర్‌లో పెట్టమంటావని అడిగినప్పుడు ప్రోగ్రామ్ ఫైల్స్ వద్దు, సీ డ్రైవ్‌లో విడిగా ఒక ఫోల్డర్ ఇవ్వండి. పైన చెప్పిన వర్చువల్‌స్టోర్ గోల అక్కడితో తప్పుతుంది. ఇన్‌స్టాల్ అయ్యాక నడవకపోతే ప్రోగ్రామ్ ఐకాన్ ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్ తెరిచి, విండోస్ 7 పెట్టి చూడండి, తర్వాత విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 పెట్టి చూడండి. ఒకసారికి ఒకటే మార్చండి. అన్నీ ఒకేసారి టిక్ పెడితే ఏది పనిచేసిందో తెలియదు.

ఎక్కువగా వచ్చే అడ్డంకులు:

"దిస్ యాప్ కాంట్ రన్ ఆన్ యువర్ పీసీ" అని వస్తే అది 16 బిట్ ప్రోగ్రామ్ కావొచ్చు. విండోస్ 11లో 64 బిట్ ఒక్కటే ఉంది, అందులో 16 బిట్ నడవదు, ఏ సెట్టింగ్ మార్చినా నడవదు. దానికి 8వ స్టెప్ చూడండి. కొన్నిసార్లు ప్రోగ్రామ్ 32 బిట్టే ఉంటుంది, సెటప్ ఫైల్ ఒక్కటే 16 బిట్ ఉంటుంది. కంపెనీ దగ్గర కొత్త సెటప్ దొరుకుతుందేమో ముందు అడగండి.

'ఎంఎస్‌కామ్‌సీటీఎల్ డాట్ ఓసీఎక్స్' లాంటి పేరు చెప్పి ఫైల్ లేదంటే, ఆ ఫైల్‌ను గూగుల్‌లో దొరికిన ఏదో సైటు నుంచి దించుకోకండి. మీ పాత ల్యాప్‌టాప్‌లోనే ఉంది. 32 బిట్ విండోస్‌లో సిస్టమ్32 ఫోల్డర్‌లో ఉంటుంది, కొత్తదాంట్లో 'సిస్‌వావ్64' ఫోల్డర్‌లో పెట్టాలి. పేరులో 64 ఉన్నా 32 బిట్ ఫైళ్లు ఉండే చోటు అదే. పెట్టాక అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి రెగ్‌ఎస్‌వీఆర్32 (regsvr32) కమాండ్‌తో రిజిస్టర్ చేయాలి.

అక్షరాలు చీమల్లా కనిపిస్తున్నా, మసకగా ఉన్నా కంపాటిబిలిటీ ట్యాబ్‌లోనే 'చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్' ఉంటుంది. కింది గడిలో టిక్ పెట్టి 'సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్' ఎంచుకోండి.

డాంగిల్ పెట్టినా గుర్తుపట్టకపోతే పాత డ్రైవర్‌ను విండోస్ ఆపేసి ఉండొచ్చు. విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసోలేషన్ కింద 'మెమరీ ఇంటెగ్రిటీ' దగ్గర ఏ డ్రైవర్ అడ్డొస్తోందో చూపిస్తుంది. ముందు డాంగిల్ కంపెనీ కొత్త డ్రైవర్ వెతకండి. ఆ రక్షణను ఆపేయడం ఆఖరి మార్గం.

7. ఫాంట్లు, ప్రింటర్

తెలుగు డీటీపీ వాళ్లకు అసలు పని ఇక్కడే. అను ఫాంట్లలో చేసిన ఫైల్ యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) కాదు. ఫాంట్ లేకపోతే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. ఫైల్ పాడవలేదు, భయపడకండి. ఫాంట్ దొరకలేదు, బదులుగా ఇంకోటి వాడనా అని బాక్స్ వస్తే క్యాన్సిల్ కొట్టి ఫైల్ మూసేయండి. పొరపాటున ఓకే కొట్టి సేవ్ చేస్తే ఫాంట్లు మారిపోయి మళ్లీ ఒక్కోటి సరిచేసుకోవాల్సి వస్తుంది.

ఫాంట్లను పాత ల్యాప్‌టాప్‌లోని విండోస్, ఫాంట్స్ ఫోల్డర్ నుంచే తెచ్చుకోండి. పక్క షాపు వాళ్ల దగ్గర అదే పేరుతో ఉందని తెచ్చుకుంటే వెర్షన్ తేడా వస్తుంది. అన్నింటినీ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్ చేసి 'ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్' కొట్టండి. ఊరికే ఇన్‌స్టాల్ కొడితే కొన్ని పాత ప్రోగ్రాములకు అవి కనిపించవు. ఇంకొకటి: రీజియన్ సెట్టింగ్స్ లోపల 'బీటా, యూజ్ యూనికోడ్ యూటీఎఫ్-8' అనే టిక్ ఉంటుంది. అది పెట్టి ఉంటే తీసేయండి, పాత ఫాంట్ల ఒత్తులు, గుణింతాలు దాంతో చెదిరిపోతాయి.

ప్రింటర్‌ను ప్రోగ్రామ్ తెరవకముందే ఎక్కించి డిఫాల్ట్ పెట్టుకోండి. 'లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్' ఆఫ్ చేయండి, లేకపోతే చివరిసారి ఏది వాడితే అదే డిఫాల్ట్ అయిపోతుంది. డాట్ మ్యాట్రిక్స్ వాడేవాళ్లకు పాత లావు పోర్టు కొత్త ల్యాప్‌టాప్‌లో ఉండదు. యూఎస్‌బీ టు ప్యారలల్ కేబుల్‌తో ప్రింటర్ పనిచేస్తుంది. అదే పోర్టుకు పెట్టే పాత డాంగిల్‌కు మాత్రం ఆ కేబుల్ పనికిరాదు. బిల్లు కాగితం సైజు జాబితాలో లేకపోతే ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లో ఫారమ్స్ దగ్గర మీ కొలతలతో కొత్త ఫారమ్ చేసుకోండి.

8. ఎలాగూ ఎక్కకపోతే

డాస్ కాలం ప్రోగ్రామ్ అయితే, పాత ఫాక్స్‌ప్రో లెక్కలు ఇంకా నడుపుతున్నవాళ్లు మన దగ్గర ఉన్నారు, డాస్‌బాక్స్-ఎక్స్ ఎక్కించి అందులో ఆ ఫోల్డర్ తెరవండి. మామూలు డాస్‌బాక్స్ ఆటల కోసం చేసింది, అందులో ప్రింటింగ్ లేదు.

విండోస్ ప్రోగ్రామ్ అయితే పాత ల్యాప్‌టాప్‌నే మొత్తంగా కొత్తదాని లోపల నడపొచ్చు. మైక్రోసాఫ్ట్ వాళ్ల 'డిస్క్2వీహెచ్‌డీ' అనే ఉచిత ప్రోగ్రామ్‌ను పాతదాంట్లో నడిపితే డిస్క్ మొత్తాన్ని ఒక ఫైల్ చేస్తుంది. వీహెచ్‌డీఎక్స్ అనే టిక్ తీసేసి, ఫైల్‌ను ఎక్స్‌టర్నల్ డిస్క్ మీదకు తీయండి. కొత్తదాంట్లో వర్చువల్‌బాక్స్ ఎక్కించి ఆ ఫైల్‌ను హార్డ్ డిస్క్‌గా ఇవ్వండి, ర్యామ్ 2 జీబీ ఇవ్వండి. 8 జీబీకి తగ్గొద్దని పైన చెప్పింది దీనికోసమే. తెరవగానే నీలం స్క్రీన్ వస్తే స్టోరేజ్ కంట్రోలర్‌ను సాటా నుంచి ఐడీఈకి, లేదా ఐడీఈ నుంచి సాటాకు మార్చి చూడండి. అసలు మొదలే కాకపోతే బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేయాలి, బిట్‌లాకర్ కీ రాసుకోమన్నది గుర్తుందిగా.

రెండు జాగ్రత్తలు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన విండోస్ లైసెన్సు ఆ మెషిన్‌కే చెందుతుంది, లోపల నడిపే విండోస్‌కు వేరే లైసెన్సు ఉండాలి. రెండోది, లోపలి పాత విండోస్‌కు ఇంటర్నెట్ ఇవ్వకండి, నెట్‌వర్క్ కేబుల్ టిక్ తీసేయండి. దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు రావు.

9. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టండి

ప్రోగ్రామ్ తెరుచుకుంది కదా అని ఆగిపోతే ఇంతసేపు చేసిన పని సగమే.

లెక్కల వాళ్లు: పోయిన ఆర్థిక సంవత్సరం మార్చి 31 నాటి ట్రయల్ బ్యాలెన్స్ రెండింట్లోనూ తీయండి, పైసతో సహా కలవాలి. ఎక్కువ లావాదేవీలున్న ఒక రైతు ఖాతా, ఒక వ్యాపారి ఖాతా మొదటి నుంచి చివరిదాకా పోల్చండి. 5వ తారీఖుతో ఒకటి, 25వ తారీఖుతో ఒకటి ఉత్తుత్తి బిల్లులు కొట్టి ఏ నెలలో పడ్డాయో చూసి, తర్వాత తీసేయండి. బ్యాకప్ తీసి, దాన్నే వేరే ఫోల్డర్‌లోకి రీస్టోర్ చేసి చూడండి.

డీటీపీ వాళ్లు: ఒత్తులు బాగా ఉన్న పాత పెండ్లి కార్డు ఒకటి తీసుకోండి. హనుమకొండ షాపులో మేం చేసింది ఇదే. "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" అని పైన ఉన్న కార్డును రెండు ల్యాప్‌టాప్‌ల నుంచి అదే ప్రింటర్‌కు కొట్టి, రెండు కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టుకున్నాం. పై వరస, మధ్యలో వధూవరుల పేర్లు అతికినట్టు కలిశాయి. కింద "లక్ష్మి" దగ్గర ఒత్తు వెంట్రుకవాసి పక్కకు జరిగింది, ఆ వరస చివరి మాట కింది వరసకు దిగింది. స్క్రీన్ మీద చూస్తే ఎవరికీ కనిపించలేదు. చూస్తే ఆ ఒక్క ఫాంట్ వేరే చోటి నుంచి వచ్చింది, పాతదాంట్లోది తెచ్చి పెడితే సరిపోయింది. ఆ ఫాంట్‌తోనే వెయ్యి కార్డులు ప్రెస్‌కు పోయి ఉంటే ఆ నష్టం ఎవరు భరిస్తారు?

10. పాతదాన్ని ఏం చేయాలి

అసలు పని కనీసం ఒక పూర్తి నెల కొత్తదాంట్లో నడవాలి, లెక్కల వాళ్లకైతే ఒక మార్చి 31 దాటాలి. అంతదాకా పాతదాన్ని వైఫై ఆపేసి, సగం చార్జింగ్‌తో పక్కన పెట్టండి, రెండు నెలలకోసారి ఆన్ చేసి చూడండి. బ్యాటరీ ఉబ్బి కీబోర్డ్ పైకి లేస్తుంటే మాత్రం చార్జింగ్ పెట్టకండి, రిపేర్ షాపులో బ్యాటరీ తీయించేయండి. ఈ నెల రోజుల్లో పాతదాంట్లో కొత్త బిల్లు ఒక్కటి కూడా కొట్టకండి. సగం బిల్లులు అక్కడ, సగం ఇక్కడ అయితే కలపడం చాలా కష్టం.

తర్వాత అమ్మాలనుకుంటే హార్డ్ డిస్క్ విప్పించుకుని మిగతాది అమ్మేయండి. సాటా డిస్క్‌కు యూఎస్‌బీ కేస్ తక్కువ ధరకే దొరుకుతుంది, అందులో పెడితే అదే ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్. దానిమీద ఒక స్టిక్కర్ అంటించి ఏ ల్యాప్‌టాప్‌దో, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా లెక్కలున్నాయో పెన్నుతో రాసి, పాత బిల్లు బుక్కులు పెట్టిన చోటే పెట్టండి.